గోపాల్‌పూర్ తీరంలోని చేపల హోటల్‌కు ఈ వైన్ జాబితా సరిపోతుందా?

సాగరతీరం (గోపాల్‌పూర్) ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బావమరిది ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక చిన్న రెస్టారెంటు నడుపుతున్నాడు. అక్కడ చేపలు, రొయ్యలు, పీతలే ప్రధానం. పొద్దున నోలియాల (ఇక్కడి తెలుగు జాలరుల) పడవలు ఒడ్డుకు చేరగానే మనవాళ్ళ దగ్గరే సరుకు కొంటాడు. వచ్చినవారికి చేపను పళ్ళెంలో పెట్టి చూపించి, తూచి, వారు కోరిన పద్ధతిలో వండించి ఇస్తాడు. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచే పెద్ద హోటల్ కాదది. కుటుంబాలతో వచ్చి, చేత్తో తిని, సముద్రం చూస్తూ తీరుబడిగా కూర్చునే చోటు.

ఆన్ షాప్ లైసెన్సు (అక్కడే కూర్చుని తాగడానికి మద్యం అమ్మే అనుమతి) వచ్చిన తరువాత బీరు, విస్కీ అమ్మకం సాఫీగానే సాగుతోంది. అయితే విశాఖ, హైదరాబాదు, భువనేశ్వర్ల నుంచి వచ్చే బృందాలలో వైన్ అడిగేవారు పెరుగుతున్నందున, ఒక కంపెనీ ప్రతినిధి సలహా తీసుకుని వైన్ జాబితా ఒకటి తయారు చేయించాడు. అందులో మొత్తం 14 రకాలు ఉన్నాయి. ఎనిమిది రెడ్ వైన్లు: షిరాజ్ మూడు, కాబెర్నే సావిన్యోన్ రెండు, ఆ రెండు ద్రాక్షలూ కలిపినవి రెండు, తీపి పోర్ట్ ఒకటి. వైట్ వైన్లు నాలుగు: షార్డొనే రెండు, సావిన్యోన్ బ్లాంక్ ఒకటి, షెనిన్ బ్లాంక్ ఒకటి. వీటికి తోడు ఒక ‘రోజే’ (గులాబీ రంగు వైన్), ఒక స్పార్క్లింగ్ (బుడగలు వచ్చే వైన్). గ్లాసు లెక్కన ఇచ్చేవి మాత్రం ‘హౌస్ రెడ్’, ‘హౌస్ వైట్’ అని రెండే. అవి ఏ కంపెనీవో జాబితాలో రాయలేదు. ఏ వైన్‌కూ ద్రాక్ష కోసిన సంవత్సరం వేయలేదు. సీసాలన్నీ కౌంటరు వెనక అద్దాల అరలో, లైట్ల కింద నిలబెట్టి ఉన్నాయి. వైట్ వైన్లు రెండు మాత్రం కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఉంటున్నాయి.

జాబితా పొడుగ్గా ఉంటేనే హోటల్‌కు గౌరవం వస్తుందని మా బావమరిది నమ్మకం. నాకేమో ఆ జాబితాకూ వాళ్ళ వంటింటికీ సంబంధం ఉన్నట్టు అనిపించడం లేదు. ఇలాంటి మామూలు చేపల హోటల్‌లో వైన్ జాబితాను ఏ లెక్కన బేరీజు వేయాలో, దేనిని ఉంచి దేనిని తీసేయాలో, అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఎక్కువగా అమ్ముడుపోయే వంటకాలు ఇవి: చందువ తవా ఫ్రై, రొయ్యల వేపుడు, పీతల మసాలా, బొగ్గుల మీద కాల్చిన పండుగప్ప, చింతపండు చేపల పులుసు, ఒడియా పద్ధతిలో ఆవ పెట్టి వండే చేపల బెసర.

ద్రాక్షతోట (బరంపురం) సమాధానం:

సాగరతీరం గారూ, జాబితాకు ముందు మెనూ ఇవ్వడం ద్వారా మీరు సగం పని చేసి పెట్టారు. హోటల్ రంగంలో చాలాకాలం పానీయాల విభాగం చూసినవాడిగా నేను పాటించే పద్ధతి ఒక్కటే: వంటింట్లో ఎక్కువగా పోయే ఆరు వంటకాలను ఒక పక్కన రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన జాబితాలోని ఏ వైన్‌ను ధైర్యంగా పోయగలమో రాయడం. ఆ పక్క గడి ఖాళీగా మిగిలిన చోటల్లా జాబితా విఫలమైనట్టే. మీ 14 రకాలలో ఎనిమిది రెడ్ వైన్లకు ఆ గడులలో చోటు దొరకదు, పైగా ఆ ఎనిమిదింటిలో ఏడు ఒకే పని చేసే వైన్లు.

రెడ్ వైన్‌లోని వగరు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ, ఓక్ పీపాలో ఉంచినప్పుడు ఆ చెక్క నుంచీ వస్తుంది. కారం తిన్న నాలుక మీద ఆ వగరు, దానితోపాటు ఆల్కహాలు, మంటను రెట్టింపు చేస్తాయి. చేపతో మరో చిక్కు కూడా ఉంది. జపాన్‌లోని మెర్షియన్ అనే వైన్ కంపెనీ పరిశోధకులు 38 రెడ్ వైన్లనూ 26 వైట్ వైన్లనూ స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసంతో కలిపి రుచి చూపించి, తిన్న తరువాత నోట్లో మిగిలే నీచు వాసనకు ముఖ్య కారణం వైన్‌లో కరిగి ఉన్న ఇనుమేనని 2009లో ప్రచురించారు. ఇనుము రెడ్ వైన్లలో తరచుగా ఎక్కువ ఉంటుంది గాని, అన్నింటిలోనూ ఒకేలా ఉండదు. అందుకే కొందరికి చేపతో రెడ్ వైన్ బాగుంటుంది, మరికొందరు మొదటి గుక్కకే ముఖం చిట్లిస్తారు.

ఇక మీ వంటకాలను చూద్దాం. మన తీరంలో చేప కన్నా మసాలాయే వైన్‌ను నిర్ణయిస్తుంది. కాల్చిన పండుగప్ప మీద నిమ్మకాయ పిండి, ఉప్పూ మిరియాలతో ఇస్తే సావిన్యోన్ బ్లాంక్ చాలా చక్కగా కలుస్తుంది. ఆ ద్రాక్షలో సహజంగా ఉండే పులుపు, పచ్చి ఆకు వాసన నిమ్మకాయ చేసే పనినే చేస్తాయి. మన దేశంలో ఆ రకాన్ని నాసిక్‌లో సులా వారు 2000 ప్రాంతంలో మొదలుపెట్టాక, ఇప్పుడు అనేక కంపెనీలు తయారు చేస్తున్నాయి గనుక ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. చందువ తవా ఫ్రైకి కారం, అల్లంవెల్లుల్లి, నూనె ఉంటాయి. దానికి కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ బాగా చల్లబరిచి ఇవ్వాలి. ఆ కొద్దిపాటి తీపి మంటను తగ్గిస్తుంది, తీపి పానీయం తాగుతున్నామన్న భావన మాత్రం కలగనీయదు. రొయ్యల వేపుడుకు స్పార్క్లింగ్ బ్రూట్‌కు (తీపి దాదాపు లేని రకానికి) మించినది లేదు. బుడగలూ పులుపూ కలిసి నూనె జిడ్డును నాలుక మీద నిలవనీయవు. నాసిక్ దగ్గరి దిండోరిలో తయారయ్యే షాండన్, సులా వారి బ్రూట్, రెండూ ఈ పనికి సరిపోతాయి.

పీతల మసాలా విషయంలో నేను కొంచెం ఆగి చెప్పాలి. తినే తీరును మీరు గమనించే ఉంటారు: పంటితోనో చిన్న రాయితోనో డెక్క పగలగొట్టి, లోపలి మాంసాన్ని చూపుడువేలితో లాగి, మసాలాలో అద్ది నోట్లో పెట్టుకుంటారు. అయిదు నిమిషాలలో పది వేళ్ళకూ నూనె, మిరియాల ముద్ద అంటుకుంటాయి. అలాంటి చేత్తో సన్నని కాడ ఉన్న గ్లాసు పట్టుకుంటే జారుతుంది, గ్లాసు అంచున పసుపు మరక పడుతుంది, ఆ తరువాత వైన్ వాసనకు బదులు వెల్లుల్లి వాసనే ముక్కుకు తగులుతుంది. అందువల్ల పీతల బల్లకు కాడ లేని, మందమైన అడుగు ఉన్న చిన్న గ్లాసులు పెట్టించండి. పక్కన నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్ళ గిన్నె వంటతోపాటే రావాలి, చివరలో కాదు. వైన్ సంగతికి వస్తే, చిలికా పీత మాంసంలో ఉండే తీపికి రోజే నప్పుతుంది. పొడిగా ఉండే, అంటే తీపి లేని, రోజే అయితే మసాలా ఘాటుకు కూడా నిలబడుతుంది.

షార్డొనే రెండు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఓక్ పీపాలో నిలవ ఉంచిన షార్డొనేకు వెన్న, చెక్క వాసన ఉంటాయి. వెన్న వేసి చేసిన పీతకో క్రీమ్ సాస్‌కో అది బాగుంటుంది. మీ మెనూలో అలాంటి వంటకం లేనప్పుడు ఒకటి కూడా అవసరం లేదు.

బెసర గురించి నిజాయితీగా చెప్పాలంటే, నూరిన ఆవాల ఘాటు ముక్కుకెక్కిన తరువాత ఏ వైన్‌లోని సువాసనా మిగలదు. అడిగినవారికి చల్లని స్పార్క్లింగ్ ఇవ్వవచ్చు. లేదా బీరు తీసుకోమని వడ్డించేవారే సూచిస్తే అది మంచి సేవ అవుతుంది.

లెక్కలపుస్తకం (ఛత్రపూర్) సమాధానం:

పై సమాధానంలో రుచుల గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. కాని సీసా మంచి స్థితిలో లేకపోతే ఆ విచారణ అంతా వృథా. మీరు రాసినదానిలో నన్ను అన్నింటికన్నా కలవరపెట్టింది అద్దాల అర. వైన్ నిలవకు 12 నుంచి 15 డిగ్రీలు అనువైన వేడి. మే నెలలో మన తీరంలో మూసిన హోటల్‌లో, రాత్రి ఏసీ ఆపిన తరువాత, లైట్ల కింద ఆ అర ఎంత వేడెక్కుతుందో ఒకసారి థర్మామీటరు పెట్టి చూడమనండి. వేడికి పాడైన సీసాను తెరవకముందే కొంతవరకు గుర్తుపట్టవచ్చు. కార్క్ మూతి అంచుకన్నా పైకి పొంగి ఉందేమో, రేకు కింద జిగురుగా కారిన చార ఉందేమో, వైన్ మట్టం మెడలో మామూలు కన్నా కిందికి దిగిందేమో చూడండి. వైట్ వైన్ అయితే లేత గడ్డిరంగు పోయి ముదురు బంగారు రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది, తెరిస్తే దెబ్బతిన్న యాపిల్ వాసన వస్తుంది. అలాంటిదాన్ని ఎవరికీ పోయవద్దు.

సంవత్సరం వేయకపోవడం చిన్న లోపంగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో అది జాబితాలోకెల్లా పెద్ద లోపం. నాసిక్ ప్రాంతంలో వానలు వెనకబట్టాక తీగలు కత్తిరిస్తారు, కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. మన వైట్ వైన్లలో ఎక్కువభాగం ఆ కోత తరువాత ఒకటి రెండేళ్ళలో తాగడానికి ఉద్దేశించినవే. నాలుగేళ్ళ నాటి సావిన్యోన్ బ్లాంక్ అరలో మిగిలి ఉంటే అది పాతబడి విలువ పెరిగిన సరుకు కాదు, పోయిన సరుకు. సీసా మీద సంవత్సరం ఉంటుంది, దానిని జాబితాలో పెన్సిల్‌తో అయినా రాయించండి.

లైసెన్సు వైపు నుంచి ఒక మాట. ఒడిశాలో సరుకు రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే రావాలి, అబ్కారీ శాఖ దగ్గర నమోదైన లేబుళ్ళనే అమ్మాలి. అందువల్ల ఎవరైనా ఫ్రాన్సు మస్కడే అనో పోర్చుగల్ విన్యో వెర్దే అనో రాయమంటే, అవి చేపకు పేరుపొందిన వైన్లే అయినా, ముందు డిపోలో దొరుకుతాయో లేదో కనుక్కున్న తరువాతే జాబితాలో పెట్టాలి. లేని సరుకు పేరు అచ్చువేసి, అడిగిన ప్రతివారికీ ‘ఈరోజు అయిపోయిందండీ’ అని చెప్పడం కన్నా అయిదు రకాలు రాసి అయిదూ ఇవ్వగలగడం మేలు. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇవ్వరన్న మాట కూడా అదే కాగితం మీద ఉండాలి. కుటుంబాలు వచ్చే చోట అది వడ్డించేవారికి అండగా ఉంటుంది.

ధర సంగతి. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి. చాలా హోటళ్ళు సీసా ధరలో నాలుగో వంతును గ్లాసు ధరగా పెడతాయి, అయిదో గ్లాసు వృథాకూ లాభానికీ పోతుంది. అది న్యాయమైన లెక్కే. ఎమ్మార్పీకి మూడు రెట్లు వేసి సీసాలు అమ్ముకోవాలని చూసేకన్నా, రెట్టింపుకు దగ్గరగా ఉంచి గ్లాసులు కదిలేటట్టు చూస్తే సరుకు తాజాగా తిరుగుతుంది. తెరిచిన వైట్ వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది గనుక, రోజుకు మూడు నాలుగు గ్లాసులు పోయినా నష్టం రాదు. హౌస్ వైట్ ఏమిటో పేరు రాయకపోవడం మాత్రం తగదు. తాగేవాడికి తాను దేనికి డబ్బు ఇస్తున్నాడో తెలియాలి.

చిలికాగట్టు (రంభ) సమాధానం:

మా ఇంట్లో పులుసు వండటం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను, అందుకే పులుసు గురించి ఎవరూ రాయకపోవడం చూసి రాస్తున్నాను. చింతపండు పులుపు వైన్ పులుపు కన్నా ఎక్కువైతే వైన్ నీళ్ళలా చప్పగా అనిపిస్తుంది. పులుసుతో తీపి షెనిన్ కూడా, నా నోటికి, బెల్లం ఎక్కువైన పులుసులా తయారవుతుంది. జాబితాలో అన్నింటికన్నా పుల్లగా ఉన్నదే, అంటే సావిన్యోన్ బ్లాంకో బ్రూటో, పులుసుకు నిలబడుతుంది. ఇంకో సంగతి: పులుసు మరునాటికి రుచి పెరిగేది. మీ బావమరిది గారి హోటల్‌లో పొద్దున వండి సాయంత్రం వడ్డిస్తారో, అప్పటికప్పుడు చేస్తారో కనుక్కోండి, ఎందుకంటే ఊరిన పులుసులో ఉప్పు, పులుపు చేపలోకి దిగి ఘాటు తగ్గుతుంది, అప్పుడు వైన్‌కు కాస్త చోటు దొరుకుతుంది.

రెడ్ వైన్ మొత్తం తీసేయాలన్న అభిప్రాయం కలుగుతోంది, దానితో నేను ఏకీభవించను. మా వైపు నుంచి గోపాల్‌పూర్ వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామందికి వైన్ అంటే రెడ్ వైనే. వాళ్ళు అడిగినప్పుడు లేదనడం మర్యాద కాదు. టమాటా, ఉల్లిపాయ బాగా వేయించి ఇగుర్చిన పీతల మసాలాకు, తూర చేప కాల్చినప్పుడు దానికి, వగరు తక్కువగా పులుపు ఎక్కువగా ఉండే రెడ్ వైన్ బాగానే ఉంటుంది. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రటెల్లి వారు చేసే సాంజోవేజే అలాంటిదే. దాన్ని గది వేడిలో కాకుండా, ఫ్రిజ్‌లో అరగంట ఉంచి తీసి పోయాలి. మన గదులు 30 డిగ్రీలు దాటి ఉంటాయి. ఆ వేడిలో ఏ రెడ్ వైన్ అయినా ముక్కుకు ఆల్కహాలు వాసనే కొడుతుంది.

సాగరతీరం (గోపాల్‌పూర్):

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివి వినిపించిన తరువాత మా బావమరిది మెత్తబడ్డాడు, సీసాలను అద్దాల అర నుంచి వెనక ఏసీ గదిలోకి మార్పించడానికి ఒప్పుకున్నాడు. పులుసు పొద్దునే వండుతారట. అతనికి రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఇప్పటికే కొన్న షిరాజ్, కాబెర్నే సీసాలను ఏమి చేయాలి? రెండు, బల్ల దగ్గరికి అడిగిన అయిదు నిమిషాలలో చల్లని వైన్ చేర్చాలంటే ఫ్రిజ్‌లో అంత చోటు లేదు, ఎలా?

ద్రాక్షతోట (బరంపురం):

రెండోది ముందు. వైట్, రోజే, స్పార్క్లింగ్ రకాలలో రకానికి రెండేసి సీసాలు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంటే చాలు. మూడో సీసా కావలసి వస్తే బకెట్టులో సగం ఐసు, సగం నీళ్ళు పోసి, గుప్పెడు రాళ్ళుప్పు వేసి, సీసాను మెడదాకా ముంచండి. ఉత్త ఐసులో గాలి ఖాళీలు మిగులుతాయి గనుక చల్లదనం నెమ్మదిగా ఎక్కుతుంది. నీళ్ళు సీసాను అన్ని వైపులా తాకుతాయి, ఉప్పు ఆ నీటిని సున్నా కన్నా కిందికి దించుతుంది. ఇరవై నిమిషాలలోపే తాగడానికి తగిన చల్లదనం వస్తుంది. చేపల హోటల్‌లో ఐసుకు కరువు ఉండదు గాని, చేపలు పెట్టిన ఐసును మాత్రం దీనికి వాడనీయకండి. స్పార్క్లింగ్ 6 నుంచి 8 డిగ్రీల వద్ద, మిగతా వైట్ వైన్లు 8 నుంచి 12 మధ్య ఇస్తే సరిపోతుంది.

రెడ్ వైన్ సీసాల విషయంలో, చిలికాగట్టు గారు చెప్పినది సబబుగా ఉంది, నేను దానికి తలవంచుతున్నాను. సాంజోవేజే ఒకటి, తీపి పోర్ట్ ఒకటి ఉంచండి. పోర్ట్‌ను అడిగేవారు వచ్చేదే దానికోసం, వారికి ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు. మిగిలిన షిరాజ్, కాబెర్నేలను పారేయనక్కరలేదు. మీ మెనూలో మటన్ కూరో, కోడి వేపుడో తప్పక ఉంటాయి. చేప తినని వారు ప్రతి బృందంలో ఒకరైనా ఉంటారు. ఆ వంటకాల కిందనే వాటి పేర్లు రాసి, గ్లాసు లెక్కన, అయిపోయేదాకా అమ్మండి, మళ్ళీ తెప్పించవద్దు.

అప్పుడు జాబితా ఇలా మిగులుతుంది: ఒక బ్రూట్, ఒక సావిన్యోన్ బ్లాంక్, ఒక షెనిన్ బ్లాంక్, ఒక పొడి రోజే, ఒక సాంజోవేజే, ఒక పోర్ట్. స్పార్క్లింగ్ తప్ప మిగతావన్నీ గ్లాసు లెక్కన కూడా దొరకాలి. దానికి మాత్రం తెరిచిన పూటే బుడగలు తగ్గిపోతాయి కాబట్టి సీసాగానే అమ్మడం మంచిది, లేదా చిన్న సీసాలు దొరికితే తెప్పించండి. ఒక్కొక్క పేరు కింద ఏ వంటకంతో బాగుంటుందో ఒక వాక్యం, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయించండి. వడ్డించే కుర్రాళ్ళు ఆ వాక్యమే బల్ల దగ్గర చెప్పగలుగుతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యాంత్రిక పడవల వేట నిషేధం ఉంటుంది కదా. ఆ రెండు నెలల్లో కాల్చే పెద్ద చేప తగ్గి చెరువు రొయ్యలు, చిలికా పీతలు ఎక్కువ పోతాయి గనుక, మార్చి నెలాఖరున సావిన్యోన్ బ్లాంక్ తక్కువగా, రోజే, బ్రూట్ కొంచెం ఎక్కువగా తెప్పించుకోమని చెప్పండి.